కాగితానికి వెనకవైపు

మా రిటైరైన ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక పొద్దున బాబాయ్ ఫోటో వచ్చింది. పాస్‌పోర్టు సైజు ఫోటో. ఏ సర్వీసు రిజిస్టరులోంచి తీశారో గానీ, చెవి పక్కన రబ్బరు స్టాంపు ముక్క కూడా కనిపిస్తోంది. కింద 'ఓం శాంతి' అని రాసి ఉంది. ఆ వెనకాలే చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. 'చాలా మంచి మనిషి' అని ఒకాయన పెట్టాడు. 'నిజాయితీకి నిలువెత్తు రూపం' అని ఇంకొకాయన పెట్టాడు. ఈ రెండో మహానుభావుడే, బాబాయ్ మీద ఎంక్వైరీ నడిచిన రోజుల్లో క్యాంటీన్లో టీ తాగుతూ, "ముసలాయన ఆ కట్టలు ఎవరికి అమ్ముకున్నాడో!" అని ఇకిలించినవాడు. అప్పుడు నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. మొన్నా ఊరుకున్నాను. అందరితో పాటు నేనూ ఒక దణ్ణం బొమ్మ పెట్టేసి ఫోను బోర్లించాను.

బాబాయ్ నాకు చుట్టం కాదు. ఆఫీసులో అందరికీ బాబాయే. బందరులో అదొక జిల్లా ఆఫీసు. ఏ శాఖదో చెప్పుకుని ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. ఆయన అందులో రికార్డు అసిస్టెంటు, అంటే పని పూర్తయిన ఫైళ్ళు దాచే గదికి కాపలాదారు. మా నాన్నగారు సర్వీసులో ఉండగానే పోతే, ఆ ఖాళీలో ఇరవై ఒకటో ఏట నన్ను గుమస్తాగా తీసుకున్నారు. మొదటి రోజు ఎవరూ కుర్చీ చూపించలేదు. బాబాయే రికార్డు రూములోంచి ఒక స్టూలు తెచ్చి వేసి, "కూర్చో అమ్మాయ్. ఇక్కడ నుంచుంటే జీవితాంతం నుంచోబెడతారు" అన్నాడు. మొదట్లో ఆయన్ని మీరు అనేదాన్ని. రెండేళ్ళకి నువ్వులోకి దిగాను. తర్వాత నేను సూపరింటెండెంట్‌నయ్యాక కూడా మేమిద్దరమే ఉంటే అమ్మాయ్ అనీ, నలుగురిలో మేడం గారూ అనీ పిలిచేవాడు. ఆ తేడా ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆయన పనంతా అరచేతిలో ఉండేది. ఎవరు ఫైళ్ళు దాచమని తెచ్చినా, అవి దేని గురించని అడిగేవాడు కాదు. చెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జాన పెట్టి కట్ట మందం కొలిచేవాడు.

"మూడు జానలు. నా దగ్గర ఒకటిన్నరుంది. మిగతాది తీసుకెళ్ళి నీ బీరువా నెత్తిన పెట్టుకో."

"అదేంటి బాబాయ్, మొన్న ఐదు జానలు ఖాళీ ఉందన్నావుగా?"

"మొన్నంటే మొన్నే. నిన్న నాగాయలంక ఫైళ్ళొచ్చాయి."

ఏ బీరువా ఏ అరలో ఎన్ని జానల చోటుందో ఆయనకి ఎప్పుడూ తెలుసు. బల్ల మీద లెక్క రాసుకునేవాడు కాదు. ముక్కుకి తుండు కట్టుకుని ఆ దుమ్ములోకి బందిపోటులా దూరి, ఒక కట్ట ఇటు జరిపి, రెండు అటు నెట్టి, జానెడు సందు సంపాదించుకుని బయటికి వచ్చినప్పుడు ఆ మొహంలో ఆనందం చూడాలి. గుడివాడ నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేవాడు. రైల్లో కూడా ఊరికే ఉండేవాడు కాదట. పైన సామాన్ల చట్రం మీద ఎవరి సంచులు అడ్డదిడ్డంగా ఉన్నా లేచి సర్ది, "ఇదుగో, ఇంకో నాలుగు పడతాయి" అనేవాడట. ఒకసారి ఎవరో తమ సంచి ఎత్తుకుపోతున్నాడనుకుని కొట్టబోయారు. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు.

నేను చేరినప్పుడు రికార్డు రూములు రెండుండేవి. ఒక ఆఫీసరు గారికి తన గదికి ఆనుకునే బాత్రూము కావాలనిపించింది. రెండో రూములో సగం అటు పోయింది. మిగిలిన సగంలో కంప్యూటర్లు పెట్టారు. కంప్యూటర్లు వస్తే కాగితాలు తగ్గుతాయన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వాటితో పాటు ప్రింటర్లు వచ్చి కాగితాలు రెట్టింపయ్యాయి. కట్టలు వరండాలోకి వచ్చాయి, మెట్ల కిందికి వెళ్ళాయి, సైకిళ్ళ షెడ్డులో పట్టా కప్పుకుని కూర్చున్నాయి. నీళ్ళు రాక మూతపడిన మరుగుదొడ్డి ఒకటుంటే, అందులో బల్ల వేసి, దివిసీమ ఉప్పెన తర్వాతి సహాయం ఫైళ్ళు పెట్టాడు బాబాయ్. చచ్చినవాళ్ళ పేర్లు, ఇల్లు పోయినవాళ్ళ పేర్లు, అన్నీ మరుగుదొడ్డిలో! ఎవరికీ సిగ్గనిపించలేదు. ఏటా ఒక గదీ నాలుగు ఇనప చట్రాలూ కావాలని ఆయన అర్జీ పెట్టేవాడు. 'నిధులు లభ్యమైనప్పుడు పరిశీలించబడును' అని ఏటా జవాబు వచ్చేది. ఆ జవాబుల్ని కూడా ఆయనే వరసలో పెట్టి కట్ట కట్టి దాచేవాడు, వాటికీ చోటు వెతికి.

వానాకాలం పోగానే కట్టలన్నీ విప్పి వరండాలో ఆరబెట్టేవాడు. అర్జీదారుల బెంచీల మీద కాగితాలు, అర్జీదారులు నేల మీద. ఎవరైనా గొణిగితే, "మీ తాతల కాగితాలేనయ్యా, కాసేపు వాళ్ళని కూర్చోనివ్వండి" అనేవాడు. దివిసీమ కట్టలు విప్పినప్పుడు మటుకు దగ్గరగా ముక్కు పెట్టి చూసి, "ఇంకా ఉప్పుందమ్మాయ్ వీటిలో" అనేవాడు. నాకైతే చెదల మందు వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఇక ఆయన చీటీల సంగతి. రికార్డు రూములోంచి ఏ ఫైలు బయటికి కదలాలన్నా, తీసుకునేవాళ్ళు సంతకంతో ఒక చీటీ రాసివ్వాలి. ఆ చీటీ ఫైలు ఉన్న చోట పెట్టేవాడు. ఫైలు తిరిగొచ్చాకే చీటీ చింపేవాడు. గుమస్తా అయినా, అధికారి అయినా అంతే. ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు గారు అటెండరుని పంపి, "చీటీ ఏంటి నా మొహం, ఫైలు తెమ్మను" అన్నారు. బాబాయ్ ఫైలు తానే పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద పెట్టి, గోడవారగా నుంచున్నాడు. ఆఫీసరు చదువుకున్నంతసేపూ, మధ్యలో భోజనానికి లేచినంతసేపూ కదల్లేదు.

"ఇంకా ఇక్కడెందుకున్నావయ్యా?"

"చీటీ లేదు కదండీ. నేనే చీటీనండి."

ఆ ఆఫీసరు మంచివాడు కాబట్టి నవ్వేసి, కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. బాబాయ్ మాకు గొడుగు అరువిచ్చినా చీటీ రాయించుకునేవాడు. మేము ఆటలు పట్టించేవాళ్ళం. ఆయన ఉడుక్కునేవాడు కాదు. "కాగితానికి కాళ్ళుండవమ్మా. పోయిందంటే ఎవడో మోసుకెళ్ళాడనే. ఎవడో తెలియకపోతే నేనేనంటారు" అనేవాడు. ఆ మాట అప్పట్లో నాకు తమాషాగా ఉండేది.

ఉద్యోగంలో నా మొదటి తప్పు ఆయన చేతుల్లోనే పడింది. నాగాయలంక అవతల సముద్రం వైపు ఒక పల్లెపాలెం ఉంది. ఉప్పెన తర్వాత అక్కడి చేపలు పట్టుకునే కుటుంబాలకి ఇళ్ళ స్థలాలిచ్చారు. ఆ పేర్ల లిస్టుకి నకలు కావాలని హైదరాబాదు నుంచి అడిగారు. నకలు రాయడం నా పని, అసలుతో సరిచూడడం బాబాయ్ పని. నేను గుండ్రంగా రాసుకుని, పొంగిపోతూ తీసుకెళ్ళాను. ఆయన అసలు కాగితం కిందిభాగం మీద వేలు పెట్టాడు.

"గీత ఏదమ్మాయ్?"

"ఏ గీత బాబాయ్?"

"లిస్టు అయిపోతే కింద గీత గీసి, ఆఫీసరు సంతకం పెడతాడు. ఇక్కడ గీత లేదు, సంతకం లేదు. అంటే?"

నాకు అర్థం కాలేదు. ఆయన కాగితం తిరగేశాడు. వెనక అంచు నుంచి అంచు దాకా పేర్లు. ఉప్పెన నాడు ఆఫీసుల్లో తెల్లకాగితానికి కూడా కరువేనట, వెనకా ముందూ రాసేవారట. వెనకవైపు మొదటి పేరు తప్పుగా రాసి కొట్టేసి, పైన సరిదిద్ది, పక్కన ఆఫీసరు పొట్టి సంతకం పెట్టాడు. ఆ కొట్టివేత కూడా నకల్లో చూపించమని చెప్పి, నా చేత మొత్తం మళ్ళీ రాయించాడు బాబాయ్. రాస్తున్నంతసేపూ పక్కనే నుంచున్నాడు. "నువ్వు తిరగెయ్యకపోతే వీళ్ళందరికీ ఇళ్ళు లేనట్టేనమ్మాయ్" అన్నాడు. ఆ నకలు హైదరాబాదు వెళ్ళింది. రాష్ట్రం విడిపోయాక అది ఏ గోడౌన్లో ఏ మూల ఉందో ఆ భగవంతుడికి తెలియాలి.

ఏళ్ళు గడిచి నేను సూపరింటెండెంట్‌నయ్యాక, పాత రికార్డులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టే పని వచ్చింది. కాంట్రాక్టు వాళ్ళు వచ్చారు. రోజుకిన్ని కట్టలని వాళ్ళకో కోటా. ఒకడు పేజీ పెట్టడం, ఒకడు మీట నొక్కడం, ఒకడు తీసి పక్కన పడెయ్యడం. కాగితం తిరగెయ్యాలంటే ఇంకో మనిషి కావాలి, ఇంకో మీట నొక్కాలి. తిరగెయ్యలేదు. బాబాయ్ అది చూసి వాళ్ళతో పోట్లాడాడు. వాళ్ళు చెవుల్లో పెట్టుకున్న పాటలు తియ్యకుండానే తలలూపారు. ఆయన నా దగ్గరికి వచ్చి చెప్పాడు. నేను ఆఫీసరు గారికి చెప్తానన్నాను. చెప్పలేదు. ఆ వారం ఆఫీసరు గారికి కోపంగా ఉంది, నాకు సెలవు కావాలి. అంతకన్నా పెద్ద కారణమేమైనా ఉందేమోనని నేనూ చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

తర్వాత రెండు నెలలకి ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసరు గారు పిలిచారు. వీడియోలో మీటింగులు పెట్టుకోవడానికి గది కావాలట. సోమవారం పైనుంచి పెద్దవాళ్ళొస్తున్నారట.

"ఆ పాత రూములోదీ, బయట పేర్చిందీ, ఆ చెత్తంతా స్కాన్ అయిపోయిందిగా. ఇంకా ఎందుకమ్మా? నువ్వు చూసుకో."

రికార్డు తీసేయాలంటే పద్ధతుంది. లిస్టు రాయాలి, పరిశీలించాలి, రాతపూర్వకంగా ఉత్తర్వు రావాలి. మూడు నెలల పని. 'నువ్వు చూసుకో' అన్న మాట మా ఉద్యోగాల్లో వెయ్యి ఉత్తర్వుల పెట్టు. పని జరిగితే ఘనత ఆయనది, బెడిసికొడితే నెత్తి మనది. రాసివ్వండి సార్ అని నేను అడగాలి. బాబాయ్ దగ్గర పాతికేళ్ళు నేర్చుకున్నదాన్ని, అడగలేదు. నోరు రాలేదంటే సరిపోతుంది.

నేను వెళ్ళేసరికి బాబాయ్ ఇంటికి బయల్దేరబోతూ క్యారేజీ సర్దుకుంటున్నాడు. సంగతి చెప్పాను.

"ముందువైపే తీశారమ్మాయ్. నీకు చెప్పా కదా. వెనకున్నవి పోతాయి."

"అంతా చూసుకున్నామని కాంట్రాక్టు వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారు బాబాయ్."

"వాళ్ళివ్వకేం. నువ్వు చూశావా?"

"నాకెక్కడ కుదురుతుంది? రేపు లారీ వస్తుంది. నువ్వు దగ్గరుండి ఎక్కించు."

ఆయన క్యారేజీ మూత బిగించాడు. "సరే. పంపెయ్యమని ఒక ముక్క రాసియ్యి, పంపేస్తా."

నాకు మండింది. పైవాడిని అడగలేని కోపమంతా ఈయన మీదికి మళ్ళింది. "నా దగ్గర కూడా చీటీనా బాబాయ్? నన్ను కూడా నమ్మవా? ఇన్నేళ్ళకి నేను నీకు ఇంతేనా?" అన్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. సగం నిజం నీళ్ళే.

బాబాయ్ నొచ్చుకున్నాడు. "ఛ ఛ, అదేంటమ్మా, అంత మాటెందుకు" అంటూ క్యారేజీ బల్ల మీద పెట్టేసి, తాళాలగుత్తి తీశాడు. ముప్ఫై ఏళ్ళకి పైబడిన సర్వీసులో చీటీ లేకుండా ఆయన వదిలింది ఆ ఒక్కసారే. మర్నాడు లారీకి కట్టలు ఎత్తేటప్పుడు నేనక్కడే ఉన్నాను. తుండు కట్టుకుని, ప్రతి కట్టకీ వదులైన తాడు విప్పి, బిగించి ముడేసి మరీ పంపాడు. పిప్పి చేసే మిల్లుకి వెళ్ళే కాగితాలకి ముడులెందుకు బాబాయ్ అంటే, "దారిలో ఊడతాయమ్మా" అన్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఏడాదిన్నర తర్వాత ఆ పల్లెపాలెం మీదుగా జెట్టీకి రోడ్డు వెయ్యాలన్నారు. రికార్డులో పేరున్న ఇళ్ళకి బదులు స్థలం ఇస్తారు. పేరు లేనివాళ్ళు ఆక్రమణదారులు, వాళ్ళని ఊరికే లేపేస్తారు. కంప్యూటర్లో లిస్టు తీశారు. ముందువైపు పేర్లు వచ్చాయి. వాళ్ళందరికీ స్థలాలు చూపించారు. వెనకవైపు వాళ్ళలో చాలామంది ఏనాడో వేరే ఊళ్ళకి వలసపోయారు. మిగిలింది ఒక్క ఇల్లు. ఆ ఇంటి కోడలు అర్జీ పెట్టుకుంది. మామగారికి ఇచ్చిన పట్టా చూరులో దోపుకుంటే ఏ గాలివానకో నాని ముద్దయిపోయిందట. ఆఫీసులో అసలు చూడండి బాబూ అంది. అర్జీలో ఆ మామగారి పేరు చదవగానే గుర్తుపట్టాను. వెనకవైపు మొదటి పేరు, కొట్టేసి సరిదిద్దిన పేరు అదే.

అసలు లేదు. ఎవరు పంపించారు? 'నువ్వు చూసుకో' అన్నాయన బదిలీ అయి ఏ జిల్లాలోనో ఉన్నాడు, ఆయన చేతిరాత మా ఆఫీసులో ఎక్కడా లేదు. కొత్తాయన నాకు సంజాయిషీ మెమో ఇచ్చాడు. నా పేరు ప్రమోషన్ లిస్టులో ఉంది. ఇంట్లో కూర్చుని రెండు రోజులు ఆలోచించి, ఒక వాక్యం రాశాను. 'సదరు రికార్డులు తరలించమని మౌఖికంగా గానీ లిఖితపూర్వకంగా గానీ నేను ఎట్టి ఆదేశములూ ఇచ్చి ఉండలేదు.' దాని కింద, 'సదరు రికార్డు అసిస్టెంటు తన బాధ్యతలో అలసత్వం వహించినట్లు తోచుచున్నది' అని ఇంకోటి. నోటితో బాబాయ్, కాగితం మీద సదరు. నా చేతిరాత బాగుంటుందని ఆయనే అనేవాడు.

ఎంక్వైరీలో ఆ కాగితం బాబాయ్ ముందు పెట్టి చదివించారు. ఆయన రెండుసార్లు చదివాడట. తర్వాత కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశాడట. "దీనికి నువ్వేమంటావు?" అని అడిగితే, "కాగితం మీద ఏముంటే అదేనండి" అన్నాడట. ఆఫీసరు ఇంకో రెండుసార్లు అడిగినా ఆ ముక్క దాటలేదట. ఆయన రిటైరయ్యే రోజుకి ఎంక్వైరీ తేలలేదు కాబట్టి, ఆఫీసులో అందరికీ చేసే సన్మానం ఆయనకి చెయ్యలేదు. తాళాలు అప్పజెప్పి, క్యారేజీ పట్టుకుని, రైలు టైముకి వెళ్ళిపోయాడు. అప్పజెప్పినట్టు చీటీ రాయించుకునే వెళ్ళాడు.

నెల తిరక్కుండా ఒకరోజు నా గదికి వచ్చాడు. గదిలో ఇంకెవరూ లేరు. అమ్మాయ్ అనే పిలిచాడు.

"నా సంగతి వదిలెయ్. అయిందేదో అయింది. ఆ కాగితానికి వెనక పేర్లున్నాయని, నువ్వు చూశావనీ ఒక్క ముక్క రాసియ్యి. లారీ ఊసెత్తకు. పేర్లు చూశానని రాస్తే చాలు. ఆ మనిషికి బదులు స్థలం దక్కుతుంది."

అంతే అడిగాడు. నిజానికి నాకేమీ పోదు, పాత గుమస్తా ఒక కాగితం చూసిందంటే తప్పేముంది? కానీ అప్పట్లో నాకు ఏ దారం లాగితే ఏది ఊడొస్తుందోనని భయం. "చూద్దాం బాబాయ్" అన్నాను. ప్రభుత్వం నేర్పిన మాట. టీ తెప్పించాను. సగం తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల అంచుకి జరిపి, లేచి వెళ్ళిపోయాడు.

చివరగా ఆయన్ని చూసింది ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున. అర్జీ పెట్టుకున్న ఆ కోడలిని బయట వరండాలో కూర్చోబెట్టి, సాక్ష్యం చెప్పడానికి ఒక్కడే లోపలికి వచ్చాడు. నేను ఆఫీసరు వెనక ఫైలు పట్టుకుని నుంచున్నాను.

"వెనక పేర్లున్నాయండి. స్కాన్ కాపీలో ముందువైపు కింద గీత లేదు, సంతకం లేదు, మీరే చూడండి. లిస్టు అక్కడితో అయిపోలేదండి."

"మర్చిపోయుంటారయ్యా ఆ హడావుడిలో. అయినా నువ్వెవరు?"

"రికార్డు అసిస్టెంటుగా చేశానండి ఇక్కడే."

ఆఫీసరు నా చేతిలోంచి ఫైలు లాక్కుని చూశాడు. "ఓ, నువ్వేనా? పోగొట్టింది నువ్వు, మళ్ళీ అందులో ఏముందో చెప్పేదీ నువ్వేనా? బాగుందయ్యా."

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. బాబాయ్ నా వైపు చూశాడు. బతిమాలలేదు, నిందించలేదు, మామూలుగానే చూశాడు. నేను ఫైల్లో లేనిదేదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాను. అప్పుడు తెలిసింది, నేను రాసిన ఆ రెండు వాక్యాలు ఆయన పరువు ఒక్కటే తియ్యలేదు. ఆ పేజీ మిల్లులో పోయాక మిగిలిన సాక్ష్యం ఆయన మాటొక్కటే. దాన్ని కూడా నేనే పనికిరాకుండా చేశాను. ఆ ఫైలు మీద 'తిరస్కరించడమైనది' అన్న ముక్క రాసి సంతకానికి పెట్టింది కూడా నేనే. అది నా సెక్షనే మరి.

పెద్దకర్మకి గుడివాడ వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, నాలుగు వరసల కుర్చీలు. వాట్సాప్‌లో దణ్ణాలు పెట్టినవాళ్ళలో ముగ్గురొచ్చారు. బాబాయ్ కొడుకు ఎదురొచ్చి, "మేడం గారు, నాన్న మీ గురించి ఎప్పుడూ చెప్పేవారండి, బాగా రాస్తారని" అంటూ కుర్చీ వేశాడు. వాడి మొహంలోకి చూడలేకపోయాను. పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. ఎండకి నల్లబడిన మనిషి, ఒళ్ళో గుడ్డసంచి. నాగాయలంక అవతల నుంచి మూడు బస్సులు మారి వచ్చిందని ఆ అబ్బాయే చెప్పాడు. ఎవరో నాకు తెలిసిపోయింది. ఆమె అర్జీ చూశాను గానీ, ఆమెని ఎన్నడూ చూడలేదు. ఆమె నన్నూ చూడలేదు.

"మీరు ఆయనతో ఆపీసులో చేశారా అమ్మా?" అంది.

"ఆఁ, చేశాను."

"నా పని మీద తిరిగీ తిరిగీ పోయాడమ్మా ఆ మారాజు. నాకేం కాడు, చుట్టమూ కాదు. ఇన్నేళ్ళు ఆగిన ఆ రోడ్డు పని మళ్ళీ మొదలెట్టారు, మా ఇంటికి ఎర్రరంగేసి పోయారు. ఇంకా పడగొట్టలేదు, వానలు తగ్గాక పడగొడతారంట. ఆ కాయితం ఎనకాల మా మావ పేరుందని ఆయన చెప్తే ఎవురూ నమ్మలా. ఆయన గాక ఇంకొకళ్ళు కూడా చూశారంట, ఆపీసులోనే ఉన్నారంట. ఎవురండీ అని ఎన్నిసార్లడిగినా చెప్పలా. వాళ్ళంతట వాళ్ళు చెప్పాలిగానీ మనం పేరెత్తకూడదమ్మా అనేవోడు." ఆమె నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి. "మీకేమన్నా తెలుసా అమ్మా, ఆళ్ళెవరో? కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క మాట చెప్పమని అడుగుతాను."

ఇప్పుడు నాకు ప్రమోషన్ లేదు, ఆఫీసరు లేడు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మనిషి ఇల్లు ఇంకా నిలబడే ఉంది.

"నాకు తెలియదమ్మా. నేను వేరే సెక్షన్లో చేశాను" అన్నాను.

"అట్టాగా అమ్మా" అని చెయ్యి వదిలేసింది. నన్ను ఏ మాత్రం అనుమానించలేదు. నాలుగింటి బస్సు తప్పిపోతే మళ్ళీ కష్టమని, బాబాయ్ ఫోటోకి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను కూర్చుని భోజనం చేసే వచ్చాను. వడ్డించేవాడు మారు అడిగితే వేయించుకున్నాను కూడా.

ఇంతదాకా చదివినవాళ్ళు, పోయినాయన మీద గౌరవం కొద్దీ పేరు రాయలేదనుకుంటారేమో. అదేమీ కాదు. ఆయన పేరు రాస్తే ఆఫీసు తెలుస్తుంది, ఆఫీసు తెలిస్తే నేను తెలుస్తాను. ఇది అచ్చయితే ఆవిడ కంట పడుతుందన్న బెంగ మటుకు నాకు లేదు. ఆవిడ అర్జీ నా చేతుల మీదుగానే వెళ్ళింది. సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర వేసి ఉంది.